అప్‌డేట్: చొక్కా జేబులో పట్టే టార్చ్ తీసుకున్నాను

రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్లేటప్పుడు జేబులో ఉంచుకునే చిన్న టార్చ్ ఏది మంచిది, యూఎస్‌బీ ఛార్జింగ్‌దా, సెల్ వేసేదా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఓలైట్ ఐ3టీ తీసుకున్నాను. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్, అదే ట్రిపుల్ ఏ, ఒక్కటి చాలు. ఊళ్లో ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది, కరెంటు లేదని టెన్షన్ ఉండదు. నాకు అదే ముఖ్యం అనిపించింది.

వెలుగు రెండు రకాలు: 5 ల్యూమెన్లు, 180 ల్యూమెన్లు. స్టార్టర్ డబ్బా తెరిచి చూడటానికి 5 బాగా సరిపోతుంది. 180 పెడితే రేకు మీద పడి కళ్లలోకే కొడుతుంది. గట్టు మీద పాముల భయానికి మాత్రం పెద్ద వెలుగే. క్లిప్‌ను టోపీ అంచుకు తగిలిస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వైర్ల దగ్గర ఇది చాలా పెద్ద మేలు.

ఒకరు 10440 లిథియం సెల్ వేయమన్నారు. సైజు అదే అయినా అది 3.7 వోల్టులు. 1.5 వోల్టుల సెల్ కోసం చేసిన టార్చ్‌లో దయచేసి వేయకండి. నేను 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్ వాడుతున్నాను. మామూలు ఆల్కలైన్ సెల్ లోపలే వదిలేస్తే కారి టార్చ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

పొలం అవతలి గట్టు దాకా వెలుగు అందదు. దానికి ఇంట్లో పాత పెద్ద టార్చ్ ఉంచుకున్నాను.