అప్‌డేట్: పాత డాడ్జ్ మిలిటరీ ట్రక్కుకి 90 గేర్ ఆయిలే వేశాం

రెండో ప్రపంచ యుద్ధం నాటి మా డాడ్జ్ ట్రక్కు గేర్‌బాక్స్‌లో చెన్నై ఎండకి 90 గేర్ ఆయిల్ వేయాలా, ఇంకా చిక్కటి 140 వేయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా (ఈ అంకె ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది). జీఎల్-4 రకంలో ఎస్‌ఏఈ 90 వేశాం. జీఎల్ అంకె గేర్ల ఒత్తిడిని ఆయిల్ తట్టుకునే స్థాయి, ఎస్‌ఏఈ అంకె చిక్కదనం. అప్పటి అమెరికా ఆర్మీ పట్టికల్లోనూ సున్నా డిగ్రీల పైన 90, గడ్డకట్టే చలికి 80 అనే ఉంది.

జీఎల్-5 వద్దన్న అన్నకి ప్రత్యేకంగా థాంక్స్. అందులో గంధకం, ఫాస్ఫరస్ మోతాదు ఎక్కువ. కొన్ని రకాలు వేడెక్కితే కంచు బుష్‌లను (షాఫ్టులు తిరిగే గొట్టాల్లాంటి భాగాలు) తినేస్తాయి. పాత ఆయిల్‌ని ట్రేలోకి దించి టార్చ్ వేసి చూశాం, నల్లగా చిక్కగా ఉందే తప్ప కంచు అరిగితే వచ్చే పసుపు రజను ఎక్కడా మెరవలేదు. పెద్ద టెన్షన్ తీరింది!

అంబత్తూరు దాకా మిట్టమధ్యాహ్నం నడిపినా గేర్లు మెత్తగా పడుతున్నాయి. డిసెంబర్‌లో ఊటీకి తీసుకెళ్లేముందు 80డబ్ల్యూ-90కి (చలిలో 80లా, వేడిలో 90లా పనిచేసే ఆయిల్) మారుస్తాను, తెల్లవారి చలిలో అది త్వరగా పారుతుంది.