‘బాబీ’ సినిమా: నిజంగా తూటాలు తిన్నవాళ్లని పక్కనపెట్టి కల్పిత మనుషుల్ని నిలబెట్టడం న్యాయమేనా?

పాతరీలు:
ఎమిలియో ఎస్తెవెజ్ 2006లో తీసిన ‘బాబీ’ నిన్న రాత్రి చూశాను. పేరు చూసి ప్రేమకథ అనుకునేరు, ఇది రాబర్ట్ కెనెడీ హత్య గురించి. బాబీ అంటే ఆయన ముద్దుపేరు. అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ్ముడు, 1968లో తనూ అమెరికా అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తాను.

1968 జూన్ 4, లాస్ ఏంజిలస్‌లోని అంబాసడర్ హోటల్. ఆ రోజు కాలిఫోర్నియా ప్రైమరీ, అంటే పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చే ఓటింగ్. అర్ధరాత్రి దాటాక కెనెడీ గెలుపు ప్రసంగం ముగించి, విలేకరులున్న గదికి అడ్డదారిలో వంటగది పాంట్రీ (వడ్డన సామాన్లుండే గది) గుండా వెళ్తుంటే సిర్హాన్ సిర్హాన్ అనే కుర్రాడు కాల్చాడు. జూన్ 6 తెల్లవారుజామున కెనెడీ చనిపోయాడు. 42 ఏళ్లు. సినిమాలో ఇదంతా ఆఖర్న కాసేపే. మిగతాదంతా పొద్దుట్నుంచి ఆ హోటల్లో తిరిగే ఇరవై పైచిలుకు కల్పిత మనుషుల గోల. మేనేజర్‌కి టెలిఫోన్ ఆపరేటర్‌తో వ్యవహారం. అతని భార్య ఆ హోటల్లోనే బ్యూటీ పార్లర్ చూసుకుంటుంది. ఓ తాగుబోతు గాయని. వియత్నాం యుద్ధానికి పోకుండా ఉండటానికి పెళ్లి చేసుకుంటున్న కుర్రాడు. నల్ల షూస్ తెచ్చుకోవడం మర్చిపోయానని తెగ బాధపడే డబ్బున్నావిడ. అందరూ పెద్ద స్టార్లే. ‘అరె, ఈవిడ డెమీ మూర్ కదా, ఈయన హాప్కిన్స్ కదా’ అని ముఖాలు పోల్చుకోవడంతోనే నాకు అరగంట అయిపోయింది.

అది భరించాను. భరించలేనిది ఇంకోటి. ఆ రాత్రి పాంట్రీలో కెనెడీతో పాటు ఇంకో ఐదుగురికి తూటాలు తగిలాయి. వాళ్లలో ఒకరు పాల్ ష్రేడ్, ఆటో కార్మికుల యూనియన్ నాయకుడు, తలకే తగిలింది, బతికాడు. సినిమాలో ఆ ఐదుగురూ లేరు. వాళ్ల ఒంట్లో దిగిన తూటాల్ని తీసి ఈ కల్పిత పాత్రల ఒంట్లో పెట్టారు. నడుస్తున్న చరిత్ర మీద ఇంత చనువు తీసుకోవచ్చా?

కిటికీసీటు:
పాతరీలు గారూ, సినిమా పేరు బాబీ అయినా బాబీ పాత్రే లేదు చూశారా? పాత న్యూస్ ఫుటేజీ, పాత గొంతు, అంతే. నటుణ్ని వాడిన చోట ముఖం కనపడనివ్వలేదు. నాకది బాగా నచ్చింది. ఆ మనిషిని ఎవరూ నటించి చూపించలేరని దర్శకుడు ఒప్పేసుకున్నాడు. ఇక మిగిలింది ఆయన కోసం ఎదురుచూసిన జనం. హత్య జరగబోతోందని వాళ్లకి తెలీదు కాబట్టి షూస్ గురించే మాట్లాడుకుంటారు. ఇంకేం మాట్లాడుకోవాలి, జూన్ 5 గురించా?

నైట్‌డ్యూటీ:
ఇద్దరు ప్రచార కుర్రాళ్లు ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వేసుకునే సీన్ దగ్గర నిద్రపోయాను. లేచేసరికి కాల్పులు. నా ఓటు పాతరీలు అన్నకే.

గరిటె:
నేను పదేళ్లు హోటల్ వంటగదుల్లో పనిచేశాను, కాబట్టి నాకు ఈ సినిమా వేరేగా కనపడింది. హాల్లో ఏ నాయకుడు వచ్చాడు, ఎవరు గెలిచారు అనేది లోపలున్న మాకు చప్పట్ల మోతని బట్టి తెలిసేది. చప్పట్లు ఎక్కువైతే ప్లేట్లు ఇంకో అరగంట ఆలస్యమని లెక్క.

సినిమాలో హోసే అని ఎంగిలి ప్లేట్లు తీసే మెక్సికన్ కుర్రాడు ఉంటాడు, ఫ్రెడ్డీ రోడ్రిగేజ్ చేశాడు. ఆ రాత్రి డాడ్జర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌కి వాడి దగ్గర రెండు టికెట్లున్నాయి. తీరా చూస్తే డబుల్ డ్యూటీ వేశారు. బతిమాలినా వినరు. చివరికి టికెట్లు వంటమనిషి ఎడ్వర్డ్‌కి ఇచ్చేస్తాడు, ఊరికే. ఆ టికెట్లు చేతులు మారేటప్పుడు హోసే ముఖం చూడండి. నేను ఒక పండగ ముందు రాత్రి సెలవు చీటీ జేబులో పెట్టుకుని, అది చెల్లదని తెలిశాక గిన్నెల దగ్గరికి నడిచినప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

ఆ మ్యాచ్ కూడా కల్పితం కాదండోయ్. ఆ రోజు డాన్ డ్రైస్‌డేల్ అనే బౌలర్ (బేస్‌బాల్‌లో పిచర్ అంటారు) ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా వరసగా ఆరో మ్యాచ్ ముగించాడు. కెనెడీ తన ఆఖరి ప్రసంగం మొదలుపెట్టిందే అతన్ని మెచ్చుకుంటూ. హోసే చూడలేకపోయిన ఆట గురించి గోడ అవతల కెనెడీ మాట్లాడుతున్నాడు. ఇంతకంటే బాగా ఎవరు రాస్తారు?

పాతరీలు:
గరిటె గారూ, మీ మాట కాదనలేను. కానీ అక్కడే నా బాధ. హోసే వెనక నిజమైన మనిషి ఉన్నాడు. హ్వాన్ రొమేరో, 17 ఏళ్లు, అదే హోటల్లో అదే పని. ముందు రోజు రూమ్ సర్వీస్‌లో కెనెడీ గదికి భోజనం తీసుకెళ్లి ఆయనతో చేయి కలిపాడు. మర్నాడు రాత్రి పాంట్రీలో మళ్లీ చేయి కలుపుతుండగానే కాల్పులు. నేల మీద పడిన కెనెడీ తల కింద చెయ్యి పెట్టి, జేబులో ఉన్న జపమాల తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఇంత కథ ఉండగా ఆ పేరు తీసేసి టికెట్లు తగిలించడం ఎందుకు?

కిటికీసీటు:
ఎందుకంటే 2006లో రొమేరో బతికే ఉన్నాడు. తను చేయి చాపకపోతే ఆయన అక్కడ ఆగేవాడు కాదేమో అన్న దిగులు అతన్ని దశాబ్దాల పాటు వదల్లేదు. 2010లో సూటు వేసుకుని ఆర్లింగ్టన్‌లో కెనెడీ సమాధి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడు. ఎవరు చేసిన పాపానికి ఎవరు క్షమాపణ అడిగారో చూడండి. 2018లో పోయాడు. అలాంటి మనిషి పేరు తెర మీద వేసి, లేని మాటలు ఆ నోట్లో పెట్టి ఉంటే అప్పుడు మీరే ముందు తిట్టేవారు. పేరు మార్చడం కొన్నిసార్లు మర్యాద.

ఎర్రసిరా:
మీరంతా షూస్, టికెట్ల దగ్గరే తిరుగుతున్నారు. అసలు లోపం వేరే ఉంది. ఇది రాజకీయ హత్య. ఇందులో రాజకీయం ఏదీ? సిర్హాన్‌కి 24 ఏళ్లు, పాలస్తీనావాడు. ఇజ్రాయెల్‌కి యుద్ధ విమానాలు పంపాలన్న కెనెడీ మాట మీద కోపం. జూన్ 5 లోపు కెనెడీని చంపాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ తేదీ ఎందుకంటే, అంతకు ముందు ఏడాది అదే రోజు ఇజ్రాయెల్‌కీ అరబ్ దేశాలకీ మధ్య ‘ఆరు రోజుల యుద్ధం’ మొదలైంది. సినిమాలో ఇదేం లేదు. ఓ కుర్రాడు వస్తాడు, కాలుస్తాడు. పిడుగు పడ్డట్టే. హంతకుణ్ని పెద్దవాణ్ని చేయొద్దనే ఉద్దేశం మంచిదే. కానీ కారణం తీసేస్తే చూసేవాడికి మిగిలేది ఏడుపు ఒక్కటే.

రెండోది. కెనెడీ ఆ రాత్రి గెలవడానికి ఒక కారణం మెక్సికన్ అమెరికన్ల ఓట్లు. ఆ మార్చిలోనే కాలిఫోర్నియాలోని డెలానో వెళ్లి, వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ 25 రోజుల నిరాహార దీక్ష విరమిస్తుంటే పక్కన కూర్చున్నాడు. వ్యవసాయ కూలీల సంఘం నాయకురాలు డొలోరెస్ హుయెర్టా ఆ రాత్రి వేదిక మీద ఆయన పక్కనే నిలబడింది. సినిమా వంటగదిలో హోసే, అతని తోటి పనివాడు మిగెల్ ఇద్దరూ కోపం, ఓపిక గురించి వాదించుకుంటారు. బాగుంది. ఆ వాదనకి బయట ఒక ఉద్యమం ఉందని మాత్రం తెలియదు. పనివాళ్లని ఓటు వేయడానికి వదలని బాసు ఒక్కడు, వాణ్ని ఉద్యోగం నుంచి తీసేసే మంచి మేనేజర్ ఒక్కడు. అంతేనా?

గరిటె:
ఎర్రసిరా అన్నా, ఓటుకి వదలని బాసు ‘అంతేనా’ అంటున్నారు. మీరు ఎప్పుడూ షిఫ్టుల్లో పనిచేసినట్టు లేరు.

రెండోతుపాకి:
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు, కాల్చింది సిర్హాన్ ఒక్కడేనా అని. పోస్ట్‌మార్టం చేసిన నొగుచీ ఏం చెప్పాడు? ప్రాణం తీసిన తూటా కుడి చెవి వెనక నుంచి, దాదాపు అంగుళం దూరం నుంచి తగిలిందని. సిర్హాన్ ఎదురుగా ఉన్నాడని సాక్షులు. పాల్ ష్రేడే 2016లో పెరోల్ విచారణకి వెళ్లి, ప్రాణం తీసింది నీ తూటా కాదని సిర్హాన్‌కే చెప్పాడు.

మోడరేటర్:
ఎన్ని తుపాకులు అన్న చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మాట్లాడుకోండి. ఇక్కడ సినిమా.

కొత్తకళ్లద్దాలు:
ఆఖరి సీన్ గురించి ఎవరూ అనలేదేంటి? కిందపడ్డ మనుషులు, అరుపులు, నెత్తురు. ఆ అరుపులు తగ్గించి పైన కెనెడీ ప్రసంగం వేస్తారు. హింస గురించి. మా ఇంట్లో అందరం ఏడ్చాం. తర్వాత తెలిసింది, అది ఆ రాత్రి మాట్లాడింది కాదు. రెండు నెలల ముందు, ఏప్రిల్ 5న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు క్లీవ్‌లాండ్‌లో మాట్లాడింది. అది తెలిశాక కొంచెం మోసపోయినట్టు అనిపించింది. ఇంకా కొన్నాళ్లకి, కింగ్ కోసం అన్న మాటలు తిరిగొచ్చి అన్నవాడికే తగిలాయి కదా అనిపించింది. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు.

ఎర్రసిరా:
ఆ ఎడిటింగ్ నాకూ నచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ప్రసంగం కెనెడీది. సినిమాలో గొప్ప డైలాగులన్నీ ఆయన రాసిచ్చినవే అయితే ఎస్తెవెజ్ రాసింది ఏమిటి?

కిటికీసీటు:
షూస్ డైలాగులు :)

చిన్న మాట: దర్శకుడి తండ్రి మార్టిన్ షీన్ ఇందులో ఆ షూస్ ఆవిడ భర్త. ఆయన 1974లో టీవీలో రాబర్ట్ కెనెడీగా చేశాడు, 1983లో జాన్ కెనెడీగా. ఇద్దరు కెనెడీలూ అయినవాణ్ని తెచ్చి, ఈసారి భార్య షూస్ గురించి వినే భర్తని చేశాడు కొడుకు.

నైట్‌డ్యూటీ:
ఇది తెలిసుంటే నిద్రపోయేవాణ్ని కాదు.

సాయంకాలం:
ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, ఇవాళ ఒకటి చెప్పాలనిపించింది. హెలెన్ హంట్ చేసిన ఆ షూస్ ఆవిడకి చివర్లో తూటా తగులుతుంది, గుర్తుందా? పొద్దున్న షూస్ కోసం ఏడ్చిన మనిషి రాత్రి నేల మీద ఉంటుంది. నాకు ఊపిరి ఆగింది. సరే, అది సినిమా. నిజంగా గాయపడ్డ ఐదుగురిలోనూ ఒకావిడ ఉంది. తొక్కిసలాటలో ఆవిడ షూ ఊడిపోయింది. దాన్ని తీసుకోవడానికి వంగింది. అప్పుడే నుదుటి దగ్గర తగిలింది. బతికింది. వంగిన మనిషికి తూటా అలా ఎలా తగిలిందనే దాని మీద తర్వాత పెద్ద వాదనే నడిచింది (మోడరేటర్ గారూ, అంతే, ఆపేశాను). దర్శకుడికి ఈ సంగతి తెలిసే రాశాడేమో నాకు తెలీదు. చదివాక మాత్రం షూస్ సీన్లు చిల్లరగా కనపడటం మానేశాయి.

కిటికీసీటు:
సాయంకాలం గారూ, మీరు రోజూ రాయాలి. పాతరీలు గారూ, ఇప్పుడేమంటారు?

పాతరీలు:
రాత్రి మళ్లీ పెట్టుకుని వంటగది సీన్లు, షూస్ సీన్లు మాత్రం చూశాను. గరిటె గారి టికెట్ల సీన్‌కి లొంగిపోయాను, అది ఇక వాదించను. రొమేరో పేరు మార్చడం మర్యాద అన్నదీ ఒప్పుకుంటాను.

షూ దగ్గర మాత్రం ఒప్పుకోను, సాయంకాలం గారూ. మీరు చెప్పింది చదివాక నా కోపం ఇంకా పెరిగింది. ఊడిన షూ కోసం వంగిన ఆవిడ ఆ పాంట్రీలో నిజంగా ఉంది. ఆవిణ్ని పక్కకి తప్పించి, డబ్బున్న ఇంకొకావిడని తెచ్చి, ఇంకో జత షూస్ కొనిపెట్టారు.