"విచిత్రంగా తిన్నారు" అంటే ఎలా తిన్నట్టు?

అందరికీ నమస్తే, ఒక డౌటు. మొన్న నాన్నకి జ్వరమొచ్చి నాలుగు రోజులు జావ తప్ప ఏదీ ముట్టలేదు, అయిదో రోజు పొద్దున్నే లేచి ఆవకాయ వేసుకుని మారు అన్నం కూడా పెట్టించుకున్నారు. నేను ఆ సంతోషంలో ఫ్యామిలీ గ్రూపులో "నాన్న ఇవాళ విచిత్రంగా అన్నం తిన్నారు" అని టైప్ చేసి మీటింగ్‌లోకి వెళ్లిపోయా. బయటికొచ్చి చూస్తే రాజమండ్రి పెద్దమ్మవి ఆరు మిస్డ్ కాల్స్. "విచిత్రంగా ఏంటే, ఎలా తిన్నాడు, చెయ్యి వణుకుతోందా, మూతి ఏమన్నా వంకర పోయిందా" అని ఒకటే గోల. పక్షవాతం అనుకుందట పాపం.

నా ఉద్దేశం తినడమే విచిత్రమని, ఆవిడకి అర్థమైంది తిన్న తీరు విచిత్రమని. తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే అనిపించింది. మన "గా" క్రియకి దగ్గర్లో ఉంటే దానికే అతుక్కుంటుంది, "ఎలా తిన్నాడు" అంటే మెల్లగా, శుభ్రంగా, విచిత్రంగా. వాక్యం మొదట్లో "విచిత్రంగా ఇవాళ నాన్న..." అని పెట్టుంటే కొంచెం నయం. కానీ పెద్దమ్మ అసలు అలా అననే అనదు, "విచిత్రమేంటంటే" అంటుంది, లేదా విషయం చెప్పేసి చివర "వింతే!" అని తగిలిస్తుంది. ఇలాంటి చోట మీరైతే ఏం వాడతారు?

రిప్లై: అమ్మా, కామా పెడితే సరిపోయేది కదా, "విచిత్రంగా, నాన్న అన్నం తిన్నారు" అని. పేపర్లలో రోజూ చూస్తున్నదే.

నేను: చూస్తున్నా సార్, కానీ ఆ కామా చెవికి వినపడదు కదండీ. పెద్దమ్మకి మెసేజ్‌లు మా పెదనాన్న చదివి వినిపిస్తారు, ఆయన కామాల దగ్గర ఆగే మనిషి కాదు.

రిప్లై: "గా" మీద అంత కోపమెందుకు, "నిజంగా వచ్చాడు" అంటాం, అక్కడ వచ్చిన తీరు కాదు కదా చెప్పేది?

నేను: పాయింటే. నిజంగా, ఖచ్చితంగా లాంటివాటికి తీరు అన్న అర్థం తట్టదు, అందుకే తికమక లేదు. నిజంగా నడవడం, అబద్ధంగా నడవడం అని రెండు నడకలుండవుగా. విచిత్రంగా నడవడం మాత్రం ఉంటుంది.

రిప్లై: మీరు వెతికే మాట "ఏకంగా" అనుకుంటా. "సైకిల్ కొంటానని వెళ్లి ఏకంగా కారే కొనేశాడు." మూలం చూస్తే "ఒక్కటిగా" అనే, కానీ ఈ వాక్యంలో ఒకటీ లేదు రెండూ లేదు, నోరెళ్లబెట్టడమే ఉంది. "తీరా" కూడా అంతే, "తీరా వెళ్తే తాళం వేసుంది". ఈ రెండిటినీ "ఎలా?" అని అడిగి రాబట్టలేం చూడండి.

నేను: అబ్బ, ఇది బాగుంది! "నాన్న ఇవాళ ఏకంగా ఆవకాయన్నమే తినేశారు" అనుంటే పెద్దమ్మ ఫోన్ చేసేది కాదు. చేసినా ఆవకాయ ఎందుకు పెట్టావని తిట్టడానికి చేసేది.

రిప్లై: సందర్భం వచ్చింది కాబట్టి హఠాత్తుగా, అకస్మాత్తుగా గురించి. హఠం అంటే బలవంతం, పిల్లలు హఠం చేస్తారు అంటామే అదే, సంస్కృతంలో హఠాత్ అంటే బలవంతంగా. అకస్మాత్‌లో కస్మాత్ అంటే "దేనివల్ల", ముందు "అ" చేరితే ఏ కారణం లేకుండా అని. రెండూ అయిదో విభక్తి రూపాలే, అక్కడ వాటంతటవే క్రియావిశేషణాలు, మనం తృప్తి లేక మళ్లీ "గా" తగిలించుకున్నాం. మరి అదృష్టవశాత్తూ దగ్గర మాత్రం ఊరుకున్నాం, "అదృష్టవశాత్తుగా" అని ఎవరూ అనరు, అదెందుకో మరి.

రిప్లై: మా ఇంట్ల "అచానక్‌గ" అంటం సార్, ఉర్దూ మాటకు "గ" కలిపి. అది కూడ గట్లనే అయ్యింది.

రిప్లై: ఉన్నట్టుండి అనే మాటని మర్చిపోయారందరూ. ఉన్న + అట్లు + ఉండి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండగా, అని. "ఉన్నట్టుండి కరెంట్ పోయింది", ఫ్యాన్ తిరుగుతోంది, టీవీ మోగుతోంది, అంతా మామూలే, టప్. ఆ మామూలుతనం కూడా మాటలోనే ఉంది చూడండి, హఠాత్తుగాలో నాకది కనపడదు. ఇంకోటి, కాకతాళీయంగా అనే మాటని అందరూ దీని బదులు వాడేస్తున్నారు. కాకి వాలడం, తాటిపండు రాలడం, రెండు సంగతులుండాలి దానికి. ఉత్తినే "కాకతాళీయంగా కరెంట్ పోయింది" అంటే కాకి ఏది?

నేను: 😀 కాకి ఏది అనేది ఇక నేను వాడేసుకుంటా. థాంక్స్ అందరికీ. ఈలోగా పెద్దమ్మ మెసేజ్ పెట్టించింది, "మీ నాన్న ఇవాళ మామూలుగా తిన్నాడా?" అని. ఎప్పట్లాగే తిన్నాడా అనా, తినే తీరు సరిగ్గా ఉందా అనా, తెలీలేదు. అవునని పెట్టేశా.