పెళ్లి క్యాసెట్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే బొమ్మ వంగిపోతోంది, మధ్యలో నీలం స్క్రీన్

కూకట్‌పల్లి కుర్రోడు:
అన్నలూ అక్కలూ, అమ్మానాన్నల పెళ్లి వీడియో, 1993ది, వీహెచ్ఎస్. మామయ్య వాళ్ల వీసీఆర్ తెచ్చి, వీసీఆర్ బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ ఒకటి, చవగ్గా దొరికేది, కొన్నా. పాత టీవీలో బానే ఆడుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం పైభాగం పక్కకి వంగిపోతోంది, సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర నీలం స్క్రీన్. ఎవరైనా కదిలితే అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి. పోనుపోను సౌండ్ కూడా వెనకబడి, నాన్న తాళి కట్టేసి కూర్చున్నాక గట్టిమేళం వినపడుతోంది 😭 షాపులో ఇచ్చేయనా?

పాత డెక్కు:
టీవీలో ఆడుతోందంటే టేపు బానే ఉన్నట్టు. సింక్, అంటే బొమ్మలో ప్రతి గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సిగ్నల్, కాస్త అటూఇటూ అయినా పాత టీవీ సర్దుకుంటుంది, ఈ క్యాప్చర్లు సర్దుకోవు, నీలం పడేస్తాయి, ఫ్రేములు వదిలేస్తాయి, సౌండ్ వెనకబడేది అందుకే. అసలు మందు ఆ టైమింగ్‌ని సరిచేసే పెట్టె, టైమ్ బేస్ కరెక్టర్, అది ఖరీదు. తెలిసినోళ్ల దగ్గర పాత డీవీడీ రికార్డర్ ఉందేమో అడుగు (ప్లేయర్ కాదు), వీసీఆర్ వైరు దాంట్లోకి, దాని అవుట్‌పుట్ ల్యాప్‌టాప్‌కి. పానసోనిక్ ఈఎస్10 లాంటిదైతే ఆ వంకర చాలావరకు పోద్ది. కింద అంచున సన్న గీతల పట్టీ కనిపిస్తే కంగారుపడకు, టేపు చదివే హెడ్ ఒకటి ఆగి ఇంకోటి అందుకునే చోటది, వీహెచ్ఎస్ అన్నిట్లోనూ ఉంటుంది.

మల్కాజ్‌గిరి అక్క:
తమ్ముడూ ముందు క్యాసెట్ మూత ఎత్తి టేపు చుట్ట చూడు, తెల్లగా బూజు ఉంటే అస్సలు పెట్టకు, హెడ్‌కి పట్టి తర్వాత పెట్టిన వాటన్నిటికీ అంటుకుంటది. మన వానలకి అటక మీద క్యాసెట్లకి బూజు రాకపోతేనే వింత. మంచిగుంటే ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పు. హెడ్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. చెవి పుల్లలు మాత్రం వద్దు, దూది పోగులు హెడ్‌లో ఇరుక్కుంటయి. పోగులూడని బట్ట ఆ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్‌కి, అదే హెడ్లు ఉండే గుండ్రటి దానికి, ఆనించి పట్టుకో, డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పు, పైకీ కిందికీ రుద్దకు.

కూకట్‌పల్లి కుర్రోడు:
థాంక్స్ అక్కా, బూజు లేదు. అమెరికా నుంచి పిన్ని పంపిన క్యాసెట్ ఒకటుంది, అది నలుపు తెలుపులో వస్తోంది, అదీ హెడ్డేనా?

పాత డెక్కు:
కాదు, అది ఎన్‌టీఎస్‌సీ, అమెరికా టీవీ పద్ధతి, 525 లైన్లు. మనది పాల్, 625. రెండూ ఆడే మల్టీసిస్టమ్ వీసీఆర్ కావాలి, క్యాప్చర్ సెట్టింగ్ కూడా మార్చాలి. పెళ్లిది మాత్రం 720×576లో, ఇంటర్లేస్డ్‌గానే (ఒక్కో ఫ్రేమూ గీత వదిలి గీతగా రెండు సగాల్లో ఉంటుంది), నాణ్యత పోకుండా దాచే హఫ్‌వైయూవీ కోడెక్‌లో తీసుకో, గంటకి 30 జీబీ దాకా తింటుంది, తిననీ. ఆ దువ్వెన పళ్లు తర్వాత డీఇంటర్లేస్ చేస్తే, అంటే ఆ సగాల్ని పూర్తి ఫ్రేములుగా మారిస్తే, పోతాయి, సెకనుకి 25 కాకుండా 50 ఫ్రేములు పెట్టు, కదలిక సాఫీగా ఉంటుంది. షాపుకే ఇస్తానంటే ముందే అడుగు, చాలామంది బాగా కుదించిన ఎంపీ4 చేతిలో పెడతారు, దాన్ని మళ్లీ బాగుచేయడం ఎవరివల్లా కాదు.