గ్రూపు లోన్లు, యాప్ లోన్, బంగారం లోన్, ప్రైవేటు వడ్డీ, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ముందు ఏది కట్టాలి? (గుణుపురం)

వంశధార_చెల్లి:
అందరికీ నమస్కారం. మాది ఒడిశా గుణుపురం. నేను బ్లౌజులు, స్కూల్ యూనిఫారాలు కుడతాను, మా ఆయన లారీ డ్రైవరు. వానాకాలంలో ఆయనకు కాలు విరిగింది, అప్పటినుంచి బండి ఎక్కలేదు. ఇప్పుడు ఇంటికి నా కుట్టుకూలీ ఒక్కటే ఆధారం, నెలకు 12,000 వస్తే ఎక్కువ.

ఇద్దరం సంపాదిస్తున్నప్పుడు తీసుకున్న అప్పులు ఇవి. రెండు మైక్రోఫైనాన్స్ కంపెనీల్లో గ్రూపు లోన్లు, రెండూ కలిపి ఇంకా 62,000 ఉంది. ఫోన్ యాప్‌లో తీసుకున్న పర్సనల్ లోన్ 40,000. బంగారం మీద 75,000. ఇవి కాక ఊళ్లో ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష, దానికి ప్రోనోటు రాసి, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇచ్చాం. బంగారం వడ్డీ కాకుండానే నెలకు 11,400 కట్టాలి. ఇంక బియ్యం ఏం పెట్టి కొనాలి?

మొన్న గ్రూపు లోన్ అతను రాత్రి 8 దాటాక వచ్చి అరుగు మీద కూర్చుని, డబ్బు ఇచ్చేదాకా కదలనన్నాడు, కుట్టుమిషన్ పట్టుకుపోతానన్నాడు. యాప్ వాళ్లు మా ఆయన ఓనరుకి ఫోన్ చేసి అప్పు సంగతి చెప్పేశారు. వడ్డీ ఆయన పోలీసు కేసు, జైలు అంటున్నాడు. పలాసలో ఉన్న మా మరిది ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయమంటాడు, ఆంధ్రాలో మైక్రోఫైనాన్స్ వాళ్లని ఆపేశారు కదా మీరెందుకు భయపడతారు అంటాడు. నిద్ర పట్టడం లేదు. నిజంగా జైలుకి పంపిస్తారా? మిషన్ తీసుకుపోవచ్చా? ఎవరికి ముందు కట్టాలి?

పర్లాకిమిడి_వాడు:
అక్కా, ముందు ఒక్క మాట. వీళ్ల నోరు మూయించడానికి ఇంకో యాప్‌లో అప్పు మాత్రం తీసుకోవద్దు. మా వీధిలో రెండిళ్లు అలాగే పోయాయి. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. డబ్బు ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, నిజంగా చేతిలో లేనివాడు వేరు, లేనివాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. కోర్టు డిక్రీ (డబ్బు కట్టమని తీర్పు) ఇచ్చినా డబ్బు బాకీ కోసం ఆడవాళ్లని అరెస్టు చేయడానికి చట్టం ఒప్పుకోదు. చెక్కుల సంగతి మాత్రం వేరు, దాని గురించి తెలిసినవాళ్లు చెప్తారు.

రాయగడ_పాత_ఫీల్డాఫీసర్:
చెల్లెమ్మా, నేను కొన్నేళ్లు ఇదే ఉద్యోగం చేశాను కాబట్టి గ్రూపు లోన్ల వరకు ధైర్యంగా చెప్పగలను. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు ప్రతి మైక్రోఫైనాన్స్ కంపెనీకీ వర్తిస్తాయి, అది బ్యాంకైనా సరే ఎన్బీఎఫ్‌సీ (బ్యాంకు కాని అప్పుల కంపెనీ) అయినా సరే. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పునే మైక్రోఫైనాన్స్ అంటారు. తాకట్టే లేనప్పుడు మిషన్ ఎలా పట్టుకుపోతాడు? అతను చెయ్యి వేస్తే అది రికవరీ కాదు, దౌర్జన్యం. ఇంటి ముందు కూర్చోవడం కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న సెంటర్లోనే (గ్రూపు మీటింగ్ జరిగే చోటే) జరగాలి, మీరు వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికో పనిచేసే చోటికో రావచ్చు. అందుకే చేతిలో డబ్బు లేకపోయినా మీటింగ్ మానొద్దు. వెళ్లి, ఈ వారం ఇంతే ఉంది అని చెప్పండి. చాలామంది సిగ్గుపడి మానేస్తారు, సరిగ్గా అక్కడే వాళ్లకి ఇంటికొచ్చే దారి దొరుకుతుంది.

ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, చుట్టాల్నీ తోటి సభ్యుల్నీ వేధించడం, పేరు నలుగురిలో పెట్టడం, కట్టకపోతే ఏదో అయిపోతుందని అబద్ధం చెప్పడం ఇవన్నీ నిషేధమే. ఇంకో సంగతి, ఇది స్టాఫ్‌లోనే చాలామందికి తెలియదు: కట్టడానికి ఇబ్బంది పడుతున్న వాళ్లని గుర్తించి, వాళ్లతో మాట్లాడి, వాళ్లకున్న దారులేమిటో చెప్పే ఏర్పాటు ప్రతి కంపెనీ పెట్టుకోవాలి. కాబట్టి బ్రాంచికి ఒక కాగితం రాసివ్వండి. భర్తకు కాలు విరిగిందని ఆసుపత్రి చీటీ జతచేసి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని అడగండి. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఫీల్డ్ కుర్రాడికి నోటితో చెప్తే అది బ్రాంచి గోడ దాటదు, వాడికీ ఆ రోజు టార్గెట్ ఉంటుంది.

కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చినది మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ ఎలా చేయాలో చెప్తారు. మీ మరిది చెప్పింది 2010లో ఆంధ్రాలో తెచ్చిన చట్టం గురించి. అది సరిహద్దు దాటి మనకి రాదు. రిజర్వు బ్యాంకులో రిజిస్టరైన కంపెనీలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు కూడా 2023లో చెప్పింది. దాన్ని నమ్ముకోకండి.

బరంపురం_వకీలు:
పైన చెప్పినవి సరైనవే. మిగతా మూడు అప్పుల గురించి నేను చెప్తాను, ఎందుకంటే మీకున్నది ఒక్క అప్పు కాదు, ఒక్కోదానికి ఒక్కో చట్టం. గట్టిగా అరిచేవాడికి ముందు కట్టేస్తున్నారు మన వాళ్లు, చూడాల్సింది మాత్రం ఎవరికి కట్టకపోతే మీకు తిరిగిరాని నష్టం జరుగుతుందో అది.

ఆ లెక్కన మొదట చూసుకోవాల్సింది బంగారం, ఆ తర్వాత చెక్కులు. బంగారం వేలం వేసే ముందు నోటీసు ఇవ్వాలి, వేలంలో బాకీకి మించి వచ్చింది మీకు తిరిగి ఇవ్వాలి. అంతదాకా రానివ్వకండి. వడ్డీ కట్టి పొడిగించుకోవడం కుదురుతుందేమో అడగండి. అసలు విడిపించుకునే దారి లేదనిపిస్తే, వేలానికి వదిలేయడం కంటే ఇంట్లోవాళ్ల సాయంతో విడిపించి అందులో కొంత మీరే అమ్ముకుని అప్పు తీర్చడం మంచిది, మంచి ధర వస్తుంది.

ఖాళీ చెక్కులు. అందులో ఆయన అంకె రాసి బ్యాంకులో వేసి, డబ్బు లేక తిరిగొస్తే 138 సెక్షన్ కేసు అవుతుంది. అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. సంతకం మీదైతే అప్పు ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది మీరు. చెక్కు తిరిగొచ్చిన 30 రోజుల్లో ఆయన నోటీసు ఇవ్వాలి, అది అందాక మీకు 15 రోజుల టైం ఉంటుంది. పోస్టులో నోటీసు వస్తే తీసుకోండి, తిప్పి పంపితే నోటీసు అందనట్టు కాదు. ఇప్పటివరకు ఆయనకు ఎంత కట్టారో ఫోన్‌పే లెక్కలు, చీటీలు, సాక్షులు అన్నీ ఒకచోట పెట్టండి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం, అసలుకు దగ్గరగా ఇప్పటికే కట్టేసి ఉండొచ్చు. ఇంకొకటి, మీ గుణుపురం ఉన్న రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక నియమాలున్న ప్రాంతం. ఇక్కడ వడ్డీ వ్యాపారం మీద 1967 నాటి ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. ఆయనకు లైసెన్సు ఉందా లేదా అన్నది మీ వకీలు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న. లైసెన్సు లేనివాడు పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తాడే తప్ప తనంతట తాను స్టేషన్ మెట్లు ఎక్కడానికి వెనకాడతాడు.

యాప్ లోన్ తాకట్టు లేనిది, వరసలో చివర. ఓనరుకి ఫోన్ చేయడం పెద్ద తప్పు. మీ ఫోన్లో ఉన్న కాంటాక్టులు, ఫోటోలు యాప్ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు డిజిటల్ లెండింగ్ నియమాలు స్పష్టంగా చెప్తున్నాయి. ఇలాంటి అప్పులకు ఫోన్ చేసే సమయం ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకే. ఏజెంటు ఏం చేసినా బాధ్యత అప్పిచ్చిన కంపెనీదే. ముందు ఆ యాప్ వెనక ఉన్న కంపెనీ ఏదో అగ్రిమెంటులో చూడండి. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న కంపెనీ ఏదీ లేకపోతే అది దొంగ యాప్, సచేత్ పోర్టల్లోనూ (దొంగ కంపెనీల మీద ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు పెట్టిన వెబ్‌సైటు) సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టండి. ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ రోజే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.

ఐపీ గురించి. 1920 నాటి చట్టం కింద జిల్లా కోర్టులో దివాలా పిటిషన్ వేయొచ్చు, ఇప్పటికీ ఉంది. అయితే మీ మరిది అనుకున్నట్టు కాగితం పడేస్తే అప్పు పోదు. ఆస్తి కోర్టు చేతికి వెళ్తుంది, తాకట్టు పెట్టిన బంగారం మీద వాళ్ల హక్కు అలాగే ఉంటుంది, అప్పు నుంచి విడుదలకు మళ్లీ విడిగా అడగాలి. జామీను ఉన్నవాళ్లు బయటపడరు. రెండు లక్షల డెబ్బై వేల చిల్లరకు, పనిచేసే చేతులు ఉన్న ఇంటికి నేనైతే అది వద్దంటాను. ఇక కోర్టు దాకా వెళ్లినా మీ మిషన్‌కి భయం లేదు, చేతివృత్తి పనిముట్లను అప్పు డిక్రీ కింద జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనే ఉంది.

వంశధార_చెల్లి:
అందరికీ చాలా థాంక్స్, మిషన్ గురించి విన్నాక మనసు కొంచెం కుదుటపడింది. రెండు సందేహాలు. గ్రూపు లోన్ కార్డు ఒడియాలో ఉంది, నేను ఒడియా మాట్లాడతాను కానీ చదవలేను, ఏం రాశారో తెలియదు. రెండోది, యాప్ తరఫున ఒకతను ఫోన్ చేసి 22,000 తన నంబరుకి పంపితే సెటిల్‌మెంట్ అయిపోతుందన్నాడు. మా అప్ప (అక్క) అంత ఇస్తానంటోంది. పంపేయనా?

ఇచ్ఛాపురం_తమ్ముడు:
పంపేయండక్కా, 40 వేలది 22కి వస్తోందంటే ఇంకేం కావాలి, పీడ వదులుతుంది.

రాయగడ_పాత_ఫీల్డాఫీసర్:
తమ్ముడూ, ఆగు. ఏజెంటు సొంత నంబరుకి వెళ్లిన డబ్బు అప్పు ఖాతాలో పడిందని ఎవరు చెప్తారు? రేపు ఇంకొకడు ఫోన్ చేసి 40,000 కట్టమంటాడు, అప్పుడు చేతిలో ఏ కాగితం ఉంటుంది? ముందు కంపెనీ మెయిల్ నుంచి సెటిల్‌మెంట్ లెటర్ రావాలి, అందులో లోన్ నంబరు, మొత్తం, ఇది కడితే బాకీ లేదు అన్న మాట ఉండాలి. డబ్బు కంపెనీ ఖాతాకే వెళ్లాలి. తర్వాత నో డ్యూస్ (ఇంక బాకీ లేదన్న) కాగితం తీసుకోవాలి. సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర చూపే కాగితంలో) అది సెటిల్డ్, అంటే తగ్గించి కట్టారు అని పడుతుంది, క్లోజ్డ్, అంటే పూర్తిగా కట్టారు అని కాదు, తర్వాత బ్యాంకు లోను అడిగితే అది అడ్డు వస్తుంది. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది, తీసి చూసుకోండి, మీరు తీసుకోని అప్పు ఏదైనా మీ పేరు మీద ఉంటే అప్పుడే బయటపడుతుంది.

నా మాట అడిగితే అప్ప ఇచ్చే డబ్బు ముందు బంగారం మీద పెట్టండి. యాప్ అప్పు ఎక్కడికీ పోదు, తొందరపెట్టేది ఏజెంటే.

కార్డు సంగతి: అందులో ప్రతి ఎంట్రీ అప్పు తీసుకున్న మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం. మన సరిహద్దు ఊళ్లల్లో దీన్ని ఎవరూ అడగరు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. తెలుగువాళ్ల చేతిలో ఒడియా కార్డు, సవర గిరిజనుల చేతిలోనూ అదే కార్డు. తెలుగులో ఇవ్వమని ఆ కాగితంలోనే ఒక వాక్యం రాయండి.

బరంపురం_వకీలు:
సెటిల్‌మెంట్ విషయంలో ఫీల్డాఫీసర్ గారి మాటే నాదీ. దానికి ఇంకోటి కలుపుతాను. లోక్ అదాలత్ నోటీసు అని ఏదైనా వస్తే కంగారు పడొద్దు, అది అరెస్టు వారెంటు కాదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ, ఒప్పుకోకపోతే సంతకం పెట్టనక్కర్లేదు. సంతకం పెడితే మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అందుకని నెలకు ఎంత కట్టగలరో ఇంట్లో లెక్క వేసుకునే వెళ్లాలి.

మీరు ఆడవారు కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం మీ హక్కు. గుణుపురం కోర్టుకి వెళ్లి లీగల్ సర్వీసెస్ కమిటీ ఎక్కడని అడగండి, దారి తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి.

వంశధార_చెల్లి:
సోమవారం వెళ్తాను మేడమ్. ఏమేం పట్టుకెళ్లాలి? ప్రోనోటు కాపీ మా దగ్గర లేదు.

బరంపురం_వకీలు:
కాపీ లేకపోయినా పర్వాలేదు. ఎప్పుడు రాశారో, సాక్షి సంతకం ఎవరిదో, చెక్కుల నంబర్లు ఏవో ఒక కాగితం మీద రాసుకోండి, చెక్కు నంబర్లు మీ చెక్‌బుక్ మిగిలిన ఆకుల్ని బట్టి తెలుస్తాయి. లోన్ కార్డులు రెండూ, బంగారం రసీదు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, ఫోన్లో వచ్చిన బెదిరింపు మెసేజులు పట్టుకెళ్లండి. మెసేజులు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. ఈలోగా వడ్డీ ఆయన వచ్చి కొత్త ప్రోనోటు మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. డబ్బు బాకీకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు, కొత్తగా సంతకం పెడితే ఆ గడువు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. వకీలును కలిసి మాట్లాడతామని మాత్రం చెప్పి పంపించండి.