లిబ్రేఆఫీస్ తీసేసినా పాత సెట్టింగులే వస్తున్నాయి, మిగిలిన ఫైళ్లు ఎక్కడుంటాయి?

ప్రశ్న
విండోస్ 11. లిబ్రేఆఫీస్ అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్త వెర్షన్ వేస్తే పాత టూల్‌బార్లు, ఎక్స్‌టెన్షన్లు, ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా అన్నీ అలాగే ఉన్నాయి. తీసేశాక చూస్తే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏమీ మిగల్లేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వెతికి తుడవాలా?

జవాబు 1
రిజిస్ట్రీ జోలికి పోకండి, అవి అక్కడ ఉండవు. అన్‌ఇన్‌స్టాల్ ప్రోగ్రామ్‌ను మాత్రమే తీస్తుంది, మీ యూజర్ ప్రొఫైల్‌ను (లిబ్రేఆఫీస్ మీ సెట్టింగులు దాచే ఫోల్డర్‌ను) ముట్టుకోదు. అది కావాలనే అలా పెట్టారు, వెర్షన్ మార్చినప్పుడు సెట్టింగులు పోకూడదని.

ముందు టాస్క్ మేనేజర్‌లో సాఫీస్.బిన్ (లిబ్రేఆఫీస్ అసలు ప్రోగ్రామ్ ఇదే) నడుస్తోందేమో చూడండి. గడియారం పక్కన క్విక్‌స్టార్టర్ (లిబ్రేఆఫీస్ త్వరగా తెరుచుకోవడానికి వెనక నడిచేది) గుర్తు ఉంటే దాన్నీ మూసేయండి. అది నడుస్తుంటే ఫోల్డర్ పేరు మారకపోవచ్చు, లేదా మూసేటప్పుడు పాత సెట్టింగులే మళ్లీ రాసేస్తుంది.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, యాప్‌డేటా అనే మాటకు ముందూ వెనకా శాతం గుర్తు పెట్టి (ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా) ఎంటర్ కొట్టండి. అందులో లిబ్రేఆఫీస్, దానిలో 4, దానిలో యూజర్. వెర్షన్ 7 అయినా 24 అయినా ఆ ఫోల్డర్ పేరు 4 గానే ఉంటుంది, పాతదేమో అని కంగారు పడొద్దు. యూజర్ ఫోల్డర్‌ను డిలీట్ చేయకుండా యూజర్-పాత అని పేరు మార్చండి. ఈసారి తెరిస్తే కొత్తది తయారవుతుంది.

కంప్యూటర్‌లో ఎన్ని విండోస్ అకౌంట్లుంటే అన్ని ప్రొఫైళ్లుంటాయి. ఒక్కోదానిలో లాగిన్ అయి విడిగా చేయాలి.

జవాబు 2
ప్రోగ్రామ్ ఇంకా ఉన్నప్పుడైతే ఇంత తిప్పలు అక్కర్లేదు. హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ అని ఉంటుంది. వచ్చే పెట్టెలో ఫ్యాక్టరీ సెట్టింగుల కింద మొత్తం ప్రొఫైల్‌ను రీసెట్ చేయమనొచ్చు. ఎక్స్‌టెన్షన్లను మాత్రమే ఆపి చూసే వీలూ అక్కడే ఉంది. ముందు అది చేసి చూడటం మేలు, చాలాసార్లు గొడవంతా ఒక్క ఎక్స్‌టెన్షన్‌దే.

ప్రశ్న అడిగినవారు
పేరు మార్చాక అంతా శుభ్రంగా వచ్చింది, థాంక్స్ అండీ. కానీ స్పెల్లింగ్ డిక్షనరీలో చేర్చుకున్న పదాలు కూడా పోయాయి.

జవాబు 1
అందుకే డిలీట్ వద్దన్నది. లిబ్రేఆఫీస్ మూసేసి, యూజర్-పాతలో వర్డ్‌బుక్ ఫోల్డర్‌లోని స్టాండర్డ్.డిక్ ఫైల్‌ను కొత్త యూజర్‌లోని వర్డ్‌బుక్‌లోకి కాపీ చేయండి. టెంప్లేట్లు కావాలంటే టెంప్లేట్ ఫోల్డర్, మాక్రోలైతే బేసిక్, ఆటోకరెక్ట్ జాబితాలైతే ఆటోకర్. రిజిస్ట్రీమాడిఫికేషన్స్.ఎక్స్‌సీయూ మాత్రం తేవద్దు. పేరులో రిజిస్ట్రీ ఉన్నా విండోస్ రిజిస్ట్రీతో దానికి సంబంధం లేదు, మీరు వదిలించుకున్న పాత సెట్టింగులన్నీ దాన్లోనే ఉన్నాయి. రెండు వారాలు వాడాక ఏ లోటూ లేకపోతే పాత ఫోల్డర్ తీసేయొచ్చు.

జవాబు 3
లినక్స్ వాళ్ల కోసం: ఉబుంటు, డెబియన్‌లలో ప్రోగ్రామ్‌లను వేసే, తీసే ఆప్ట్ కమాండ్‌తో రిమూవ్ చేస్తే సిస్టమ్ కాన్ఫిగ్ ఫైళ్లు ఉండిపోతాయి, పర్జ్ చేస్తే పోతాయి. రెండింటిలో ఏదైనా హోమ్ ఫోల్డర్‌ను తాకదు. హోమ్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి, చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్‌లో లిబ్రేఆఫీస్ చూడండి. ఫ్లాట్‌ప్యాక్‌తో (ఆప్ట్ కాకుండా ప్రోగ్రామ్‌లు వేసుకునే ఇంకో పద్ధతి) వేసుకున్నవాళ్లకు ప్రొఫైల్ అక్కడ ఉండదు, చుక్క-వార్ ఫోల్డర్‌లోని యాప్‌లో ఉంటుంది. పర్జ్ తర్వాత ఆటోరిమూవ్ (ఇక అవసరం లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) చేసేటప్పుడు అది చూపే జాబితా చదవకుండా వై నొక్కకండి.