నమ్బా నుంచి ఒక్క రోజులో హోర్యూజీ, తోదాయ్‌జీ: కుదురుతుందా?

ప్రశ్న:
నవంబరు చివర్లో ఒసాకాలో ఉంటాం. బస నమ్బా దగ్గర. పాత ఆలయాలకు ఒక్క రోజే ఉంది. హోర్యూజీ, తోదాయ్‌జీ, వీలైతే క్యోటోలో కియోమిజు కూడా చూడాలని ఉంది. అమ్మానాన్నలు శాకాహారులు, ఎక్కువ నడవలేరు. ఏది ముందు పెట్టుకోవాలి? జేఆర్ (జపాన్ రైల్వే) పాస్ కొనాలా?

జవాబు 1:
కియోమిజును మరో రోజుకు వదిలేయండి. నవంబరు చివర్లో అయిదు కాకముందే చీకటి పడుతుంది. హోర్యూజీ నవంబరు 4 నుంచి 4:30కే మూసేస్తారు, తోదాయ్‌జీ 5కి. అందుకే పొద్దున హోర్యూజీ, మధ్యాహ్నం తోదాయ్‌జీ ఉన్న నారా ఊరు.

మిదోసుజీ సబ్‌వేలో తెన్నోజీకి వెళ్లి, అక్కడ జేఆర్ యమతోజీ ర్యాపిడ్ ఎక్కితే సుమారు 25 నిమిషాల్లో హోర్యూజీ స్టేషన్. గుడికి అక్కడి నుంచి ఇరవై నిమిషాల నడక, పెద్దవాళ్లుంటే బస్సే మేలు. తర్వాత జేఆర్‌లోనే నారాకు పది పన్నెండు నిమిషాలు, స్టేషన్ బయట తోదాయ్‌జీ వైపు సిటీ బస్సు. తిరుగు ప్రయాణం మాత్రం కింతెత్సు (జేఆర్ కాని వేరే ప్రైవేటు రైల్వే) నారా స్టేషన్ నుంచి చేయండి, గుడికి అదే దగ్గర. ర్యాపిడ్ ఎక్స్‌ప్రెస్ 40 నిమిషాల్లో నేరుగా నమ్బాలో దింపుతుంది. పొరపాటున లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సీటుకు అదనంగా కట్టాలి.

పాస్ వద్దు. సబ్‌వేలోనూ కింతెత్సులోనూ అది చెల్లదు. మనిషికొక ఇకోకా (డబ్బు వేసుకుని రైళ్లలో, బస్సుల్లో వాడే) కార్డు చాలు.

జవాబు 2:
హోర్యూజీకి రెండున్నర గంటలు కేటాయించండి. 2,000 యెన్‌ల టికెట్టు మూడు చోట్లకూ కలిపి: పశ్చిమ ప్రాంగణం, నిధుల మందిరం, తూర్పున యుమెదోనో అనే ఎనిమిది పలకల మందిరం. చాలామంది మొదటిది చూసి వెనక్కి తిరిగేస్తారు. కుదారా కన్నోన్ అనే పేరున్న బోధిసత్త్వుడి చెక్క విగ్రహం ఉన్నది నిధుల మందిరంలో.

607లో కట్టిన గుడి 670లో కాలిపోయిందని పాత చరిత్ర చెబుతుంది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టినదే. అయినా నిలిచివున్న చెక్క కట్టడాల్లో ప్రపంచంలో ఇదే అతి పాతది. పశ్చిమ ప్రాంగణంలోని స్వర్ణ మందిరం లోపల బాగా చీకటి. కళ్లు అలవాటు పడేదాకా ఆగితేనే 623 నాటి శాక్యముని త్రయం (బుద్ధుడు, పక్కన ఇద్దరు పరిచారకులు) కనిపిస్తుంది. అయిదంతస్తుల గోపురం ఎక్కనివ్వరు కానీ అడుగున నాలుగు వైపులా జాలీలోంచి మట్టి బొమ్మలు చూడొచ్చు. ఉత్తరం వైపున బుద్ధుడి నిర్యాణానికి గుండెలవిసేలా ఏడుస్తున్న శిష్యులు. అక్కడ తొందరపడకండి. లోపల ఫొటోలు నిషేధం.

జవాబు 3:
తిండి సంగతి. ఉదోన్ నూడుల్స్ గిన్నెలో కూరగాయలే కనిపించినా, ఆ పులుసు మాత్రం సాధారణంగా ఎండుచేప తురుముతో కాచిందే. చేప ముక్క తీసేయమంటే సరిపోదు. ఊమెబోషి (ఊరవేసిన పుల్లటి ఊమె పండు), కొంబు (సముద్రపు నాచు) పెట్టిన ఒనిగిరీలు, అంటే అన్నం ముద్దలు, పొద్దునే కన్వీనియెన్స్ స్టోర్‌లో తీసుకోండి. కొన్ని ఊమె రకాల్లోనూ 'కత్సుఒ' కలుపుతారు, అంటే అదే చేప. ఫోన్ కెమెరాతో లేబుల్ అనువదించి చూసుకోండి. నారాలో ఆ సంచీ జింకలకు కనపడనివ్వకండి. కాగితం మ్యాపునీ వదలవవి.

జవాబు 4:
తోదాయ్‌జీలో దక్షిణ ద్వారం దగ్గర తలెత్తి చూడండి. ఉన్‌కేయ్, కాయ్‌కేయ్ అనే శిల్పుల బృందం 1203లో 69 రోజుల్లో చెక్కిన ద్వారపాలకులు, ఒక్కొక్కరూ ఎనిమిది మీటర్ల పైనే. మందిరంలోకి చెప్పులు విప్పక్కర్లేదు, రాతి నేలే. ఇక్కడ ఫొటోలు తీసుకోవచ్చు. 15 మీటర్ల వైరోచన బుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. అమ్మానాన్నలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. అయితే మంటల్లో, భూకంపాల్లో దెబ్బతిని తల, చేతులు తర్వాత పోతపోసినవే. ఇప్పటి మందిరం కూడా 1709 నాటిది, పాతదానికంటే వెడల్పు బాగా తగ్గించి కట్టారు.

ఓపిక మిగిలితే పైన నిగత్సుదో అనే మందిరం వసారా నుంచి ఊరంతా కనిపిస్తుంది, టికెట్టు లేదు. మెట్లున్నాయి కాబట్టి పెద్దవాళ్లను కింద కూర్చోబెట్టి మీరొక్కరే వెళ్లిరండి.